కోడలు రాయని మాట

ఎర్మెక్ లేచేసరికి టీ మరిగిపోయింది. పెరట్లో తండ్రి గొర్రెలకు గడ్డి వేస్తూ ఒక్కొక్కదాన్నీ విడివిడిగా తిడుతున్నాడు. తల్లి సాకిష్ కిటికీ పక్కన కూర్చుని నిన్నటి రొట్టెను టీలోకి తుంపుకుంటూ, "ఈ నారీన్ ఊళ్లో చలి ఇల్లరికపు అల్లుడిలాంటిది. అక్టోబరులో వస్తుంది, మే దాకా కదలదు" అంటోంది. కూతురు సైకాల్ అప్పుడే బడికి పోయింది. భార్య జిపార్ పొయ్యి దగ్గర నిలబడి పొరల రొట్టెలు కాలుస్తోంది. ఏ ఉదయం చూసినా ఆ ఇల్లు అలాగే ఉంటుంది.

ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ ముందుగదిలో బల్ల మీద ఉంటుంది. కాలేజీకి వెళ్లేముందు ఉత్తరాలు చూసుకుందామని ఎర్మెక్ దాని ముందు కూర్చున్నాడు. జిపార్ తనకొచ్చిన ఉత్తరం ఒకటి తెరిచి, మూయడం మరిచినట్టుంది. పెళ్లాం ఉత్తరం చదవకూడదని అతనికి తెలియక కాదు. చదివాడు.

"ప్రియమైన జిపార్, నువ్వు పంపినవన్నీ కలిపేశాం. ఇంత శ్రద్ధగా చేసినవాళ్లను ఈమధ్య చూడలేదు. వచ్చే విడుదలలో కిర్గిజ్ భాష కూడా ఉంటుంది. ఇకనుంచి ఆ భాష బాధ్యత నువ్వే తీసుకుంటావా? ఎవరు ఏ మాట పంపినా ఉంచాలో తీసేయాలో నువ్వే చెప్పాలి. - మరిత్."

రెండుసార్లు చదివాడు. మంచి భర్త నోటి నుంచి ఆ సమయాన రావలసిన మాట ఏదో అతనికి బాగా తెలుసు. వచ్చింది మాత్రం వేరు.

"పాలు పొంగుతున్నాయి, చూసుకో."

"అవి నీళ్లండీ" అంది జిపార్ నవ్వుతూ.

ఆ నవ్వు అతనికి కారం రాసినట్టుంది. గుండెలో లేచినది సంతోషం కాదు, కుళ్లు. అందుకు కారణం లేకపోలేదు.

ఆ ఉత్తరం వచ్చింది ఒక ప్రోగ్రాం గురించి. గ్రంథాలయంలో ఏ పుస్తకం ఎక్కడుందో, ఎవరి దగ్గరుందో అది చూపిస్తుంది. దానికి యజమానంటూ లేడు. నలభై దేశాల వాళ్లు తీరిక చేసుకుని రాస్తారు, దిద్దుతారు, పైసా పుచ్చుకోరు. లోపల రాసినదంతా అందరికీ కనబడుతుంది. ఎవరైనా దిద్దుబాటు పంపొచ్చు. మరిత్‌లాంటి పాతవాళ్లు చూసి బాగుందంటే కలుపుతారు. కలిపిన రోజున పంపినవాళ్ల పేరు జాబితాలోకి ఎక్కుతుంది. ఆ జాబితాలో తన పేరు చూసుకోవాలని ఎర్మెక్‌కు మూడేళ్ల ఆశ. మొదట తేదీలు తప్పు చూపించే చోట సరిచేసి పంపాడు. చూసినవాళ్లు పదకొండు ప్రశ్నలు అడిగారు. "కాలేజీలో పదేళ్లుగా కంప్యూటర్లు నేర్పుతున్నవాణ్ణి, నన్నా అడిగేది" అని నాలుగు ఘాటు మాటలు రాసి వదిలేశాడు. కోపం తగ్గాక రెండోది పంపాడు. దాన్ని పద్నాలుగు నెలలుగా ఎవరూ ముట్టుకోలేదు.

జిల్లా గ్రంథాలయంలో పనిచేసే జిపార్‌ను ఆ దారి పట్టించింది కూడా అతనే. రష్యన్ మాటలతో ముసలివాళ్లు తికమకపడుతున్నారని ఆమె ఒకసారి అంటే, "అయితే కిర్గిజ్‌లోకి మార్చి పంపు. ఎవరూ చెయ్యని పని, నీ తీరికకు సరిపోతుంది" అని ఖాతా తెరిచి ఇచ్చాడు. ఏడుస్తున్న పిల్లకు బొమ్మ ఇచ్చినట్టు ఇచ్చాడు. ఆమెనూ ప్రశ్నలు అడిగారు, పదకొండు కాదు ముప్పై అడిగారు. ప్రతిదానికీ ధన్యవాదాలు చెప్పి, దిద్ది, మళ్లీ పంపింది. ఏకై వచ్చి మేకై కూర్చుంది ఆ బొమ్మ.

తండ్రి లోపలికొచ్చి బూట్లు విడిచాడు. "ఏమిటి, బిడ్డ మొహం వెలిగిపోతోంది?"

జిపార్ తల వంచుకుని చెప్పింది. ఆయనకు ప్రోగ్రాం సంగతి సగమే అర్థమైంది, బాధ్యత అన్నమాట మాత్రం పూర్తిగా అర్థమైంది. రెండు చేతులూ పైకెత్తి ముఖం తుడుచుకుని దీవించాడు.

"జీతమెంతట?" అంది సాకిష్.

"ఏమీ ఇవ్వరత్తయ్యా."

"ఏమీ ఇవ్వకుండా బాధ్యత ఇస్తారా? అయితే అది కోడలి ఉద్యోగమే."

అందరూ నవ్వారు. ఎర్మెక్ కూడా పెదవులు సాగదీశాడు. టీ సగంలో వదిలి కాలేజీకి బయలుదేరాడు.

ఆ వారమంతా అతనికి ఎటు తిరిగినా ముల్లే. వీధిలో పక్కింటావిడ అభినందనలు చెప్పింది, అతనికి కాదు. జిల్లా పత్రికవాళ్లు గ్రంథాలయానికి వచ్చి జిపార్ ఫొటో తీసుకున్నారు. మంగళవారం కాలేజీకి కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్ వరండాలో ఎదురుపడి, చేయి కలిపి, "గ్రంథాలయం జిపార్‌గారి భర్త మీరేనటగా" అన్నాడు. పదేళ్ల ఉద్యోగం ఆ ఒక్క మాటలో కొట్టుకుపోయింది.

ఆ మధ్యాహ్నం భోజనాల వేళ అతను తన గదిలో ఒంటరిగా కూర్చుని జిపార్ చేసిన కిర్గిజ్ ప్రోగ్రాం తెరిచాడు. తప్పు వెతకడానికే తెరిచాడు. బియ్యంలో రాయి ఏరినట్టు ఒక్కొక్క మాటా చూసుకుంటూ పోయాడు. గంటసేపు ఒక్క రాయీ తగల్లేదు. ప్రతి మాటా ఇంట్లో మాట్లాడుకున్నంత తేలిగ్గా ఉంది. అది చూసి ఇంకా మండింది. చివరికి వెతికే చోట ఒక పుస్తకం పేరు కొట్టి మీట నొక్కాడు.

"మూడు పుస్తకాలు ఎదురయ్యాయి" అని వచ్చింది.

ఎర్మెక్ మొదట పగలబడి నవ్వాడు. కెజిక్తి. ఎదురైంది. దారిలో మేనమామ ఎదురైనట్టు పుస్తకాలు ఎదురవడమేమిటి? అక్కడ ఉండాల్సిన మాట తాబిల్దీ. అంటే దొరికింది. మూడేళ్ల పిల్లకైనా తెలిసిన మాట. మిగతా చోట్ల చూశాడు. నలభై ఒక్క చోట దొరికింది ఉండాలి, నలభై ఒక్క చోటా ఎదురైంది ఉంది.

ఎందుకో అతనికి వెంటనే తెలిసింది. తాబిల్దీ అతని తండ్రి పేరు.

అక్కడి ఇళ్లలో కోడలు మామగారి పేరు పలకదు. ఆ పేరు మామూలు మాట కూడా అయితే ఆ మాటా పలకదు, దాని చుట్టూ తిరిగి ఇంకోటి వెతుక్కుంటుంది. సాకిష్ మామగారి పేరు కోజు, గొర్రెపిల్ల అని అర్థం. నలభై ఏళ్లుగా ఆమె గొర్రెపిల్లను "మేమేలాడేది" అనే అంటుంది, ఆయన పోయి ఇరవై ఏళ్లయినా సరే. జిపార్ ఈ ఇంట అడుగుపెట్టి పన్నెండేళ్లు. ఇంట్లో పోయిన తాళంచెవి ఏనాడూ దొరకలేదు, ఎదురయ్యేది. గ్రంథాలయంలో కూడా అంతే. అక్కడి పాఠకులు అలవాటుపడి, "జిపార్, నా పుస్తకం ఎదురైందా?" అనే అడుగుతారు.

ఇంటికి వెళ్లి టీ తాగుతూ చెబితే సరిపోయేది. "నలభై ఒక్క చోట తప్పు పడింది, మార్చు" అని ఒక్క మాట. ఆమె నాలుక కరుచుకుని నవ్వేది, ఏదో దారి చూసేవారు. అది అతనికి తెలుసు. తెలిసి కూడా కొత్త ఖాతా ఒకటి తెరిచాడు. "నారీన్ పాఠకుడు" అని పేరు పెట్టుకున్నాడు. అందరూ చదివే తప్పుల పేజీలో రాశాడు.

"నలభై ఒక్క చోట తాబిల్దీ ఉండాల్సిన చోట కెజిక్తి ఉంది. దొరకడానికీ ఎదురవడానికీ తేడా తెలియని మనిషి చేతిలో మా భాషను పెట్టారా? లేక ఆ మాట రాయడానికి ఆమెకేమైనా భయమా?"

చివరి వాక్యం అవసరం లేదు. అదే అతనికి అన్నిటికంటే బాగా నచ్చింది. మీట నొక్కి, చల్లారిపోయిన సమోసా తిన్నాడు. చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

బుధవారం రాజధాని నుంచి ఎవరో "నిజమే, ఇది వింతగా ఉంది" అని రాశారు. గురువారం ఓష్ పట్నం నుంచి ఇంకొకరు "మా పిల్లలు నవ్వుతారు" అన్నారు. శుక్రవారం మరిత్ రాసింది. "జిపార్, ఈ మాట ఎందుకు ఎంచుకున్నావో చెప్పగలవా? మంగళవారం విడుదల. సోమవారం లోపల తేలకపోతే కిర్గిజ్‌ను ఈసారికి ఆపాలి. మళ్లీ ఆరు నెలలు పడుతుంది."

ఎర్మెక్ కాలేజీలో గంటకోసారి ఆ పేజీ తెరిచి చూశాడు. జిపార్ జవాబివ్వలేదు. మొదటిరోజు అతనికి తియ్యగా ఉంది. మూడోరోజుకు ఆ తీపి నోట్లో ఎక్కువసేపు ఉంచుకున్న ఎండు పెరుగుండ కురుత్‌లా పులిసిపోయింది. ఆమె ఎందుకు రాయడం లేదో ఆలోచిస్తే తెలిసింది. కారణం చెప్పాలంటే ఆ మాట రాయాలి. ఆ మాట రాయలేకే కదా ఇదంతా.

శనివారం సాయంత్రం సైకాల్ పక్కింట్లో ఆడుకుంటోంది, మిగతా నలుగురూ వెలుతురుండగానే టీకి కూర్చున్నారు. జిపార్ నూనెలో వేయించిన బూర్సోక్ పిండిముక్కలు ఒకవైపు మాడాయి. పన్నెండేళ్లలో ఆమె చేతిలో ఏదీ మాడలేదు. ముసలాయన ఒకటి తీసి, మాడిన వైపు తనకు తిప్పుకుని కొరికాడు.

"బిడ్డా, నాలుగు రోజులుగా ఆ మిషన్ జోలికి పోవడం లేదేం?"

"ఒక మాట తప్పు పడింది మామయ్యా. అందరూ అడుగుతున్నారు."

"ఏ మాట?"

జిపార్ టీ గిన్నె చేతుల్లోకి తీసుకుంది, తాగలేదు. "చెప్పలేను."

"బూతా?" అంది సాకిష్ కుతూహలంగా.

"అయ్యో, కాదత్తయ్యా."

"మరి చెప్పడానికేం? అందరం పెళ్లయినవాళ్లమే."

జిపార్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ మాట చుట్టూ తిరిగి ఇలా అడిగింది. "అత్తయ్యా, మీ కళ్లజోడు పోయిందనుకోండి. ఇల్లంతా వెతికారు. పరుపు కింద కనబడింది. అప్పుడేమంటారు?"

"ఏమంటాను, తా..." అని సాకిష్ గబుక్కున నోరు మూసుకుంది. నలభై రెండేళ్ల కాపురంలో మొగుడి పేరు ఆవిడా ఏనాడూ పలకలేదు. అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సాకిష్‌కు ముందు నవ్వొచ్చింది, అరచెయ్యి నోటికడ్డం పెట్టుకుని ఊగిపోయింది. కోడలి కళ్లలో నీళ్లు చూసి నవ్వు ఆపుకుంది.

"ఏమిటే మీ గోల?" అన్నాడు ముసలాయన. "ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ చెప్పరు. ఎర్మెక్, నువ్వు చెప్పరా."

ఎర్మెక్ గొంతు సవరించుకున్నాడు. "తాబిల్దీ."

"తండ్రిని పేరు పెట్టి పిలుస్తున్నావేంరా?"

"పిలవడం కాదు నాన్నా. మాటే అది. పుస్తకం దొరికిందని రాయాల్సిన చోట జిపార్ ఎదురైందని రాసింది. మీ పేరని."

ముసలాయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక మెల్లగా నవ్వు మొదలైంది. "అంటే పుస్తకాలన్నీ నాకోసం దారి తప్పించుకుని ఎదురవుతున్నాయా?" అని మోకాలు చరుచుకున్నాడు. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, చటుక్కున ఆగాడు. "ఎవరు పట్టారు ఈ తప్పు?"

"నారీన్ పాఠకుడట" అంది జిపార్. "ఎవరో తెలియదు మామయ్యా."

"మన ఊరివాడా?" ఆయన గొంతు మారింది. "బయటివాడైతే సరే, తెలియక అన్నాడనుకోవచ్చు. మన ఊళ్లో పుట్టి, కోడలు ఆ మాట ఎందుకు రాయదో తెలియని మగాడున్నాడా? తెలిసే రాశాడు. ఏం రాశాడో మొత్తం చెప్పు."

"వద్దులెండి మామయ్యా."

"చెప్పు బిడ్డా."

"నాకు భయమా అని అడిగాడు."

సాకిష్ "చీ" అంది. ముసలాయన చేతిలోని గిన్నెను బల్ల మీద పెట్టాడు. "ఇంటి ఆడపిల్ల మర్యాదను వీధిలోకి లాగి నవ్విన వాడికి తల్లీ చెల్లీ లేరా? వాడు మన గడప తొక్కినవాడే అయ్యుంటాడు, ఈ ఇంట టీ తాగినవాడే అయ్యుంటాడు. నువ్వేం అంటావురా?"

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు ఎర్మెక్. "అదే నాన్నా" అన్నాడు. ఇంకేమన్నా తన గొంతు తనకే పరాయిగా వినబడేటట్టుంది.

జిపార్ లేచి, ఆరేసిన బట్టలు తీసుకొస్తానని పెరట్లోకి వెళ్లింది.

తీగ మీద బట్టలు చలికి అట్టల్లా బిగుసుకున్నాయి. ఆమె సైకాల్ చొక్కాను మెల్లగా వంచుతోంది, విరిగిపోతుందేమో అన్నట్టు. ఎర్మెక్ వెనకాలే వచ్చి నిలబడ్డాడు. ఏమీ తెలియనట్టు ఒక మాట అనాలని వచ్చాడు.

"ఎవరై ఉంటారంటావు?"

"మీరు" అంది జిపార్, తల తిప్పకుండా.

ఎర్మెక్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"బుధవారమే తెలిసింది. నలభై ఒక్క చోట అని రాశారు. అన్నీ కూర్చుని వెతికే ఓపిక ఎవరికుంటుంది, తప్పు కావాలనుకున్నవాళ్లకు తప్ప? తర్వాత ఆ భయం మాట. ఆ మాటకీ నాకూ ఉన్న సంబంధం పరాయివాళ్లకు ఎలా తెలుస్తుంది?"

"జిపార్, నేను..."

"భయం కాదది. మామయ్య పన్నెండేళ్లలో నన్ను పేరుపెట్టి పిలవలేదు, బిడ్డా అంటారు. నేను ఆయన పేరు పలకను. మా ఇద్దరికీ మధ్య ఉన్న మర్యాద అంతే. దాన్ని మీరు పదిమందిలో పెట్టి భయమన్నారు." ఆమె చొక్కా బుట్టలో వేసింది. "మరిత్ నాకు విడిగా రాసింది. ఈ ఖాతా నిన్నమొన్నటిది, కావాలని చేసినట్టుంది, ఎవరో తెలుసా, తీసేయమంటావా అని. వద్దన్నాను. మాట విషయంలో ఆయన చెప్పింది నిజమే, ఉంచండి అన్నాను."

"నా పేరు చెప్పలేదా?"

జిపార్ అప్పుడు అతని వైపు తిరిగింది. "మరిత్ అడిగింది, చెప్పలేదు. ఇప్పుడు మామయ్య అడిగారు, చెప్పలేదు. పేర్లు దాచడం నాకు అలవాటే కదండీ. కానీ ఇంతకాలం గౌరవానికి దాచాను. మొదటిసారి సిగ్గుకి దాచాను."

బుట్ట ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. ఆమె అరిచి ఉంటే అతను కూడా అరిచేవాడు, ఏదో ఒకటి సర్దుకునేది. ఎర్మెక్ ఖాళీ తీగ పట్టుకుని నిలబడ్డాడు. మూడేళ్లు తన పేరు ఎవరో ఒకరు రాయాలని తపించాడు. ఇప్పుడు తన పేరు చెప్పుకోలేని స్థితిలో ఇంటి మనిషి ఉంది. సిగ్గుతో కళ్లు మండాయి. లోపలికి వెళ్లేసరికి అతని చెంపలు తడిగా ఉన్నాయి, చలి అనుకోవడానికి లేదు.

టీ గిన్నెలు ఇంకా తియ్యలేదు. అతను కూర్చోకుండా గుమ్మం దగ్గరే ఆగాడు.

"నాన్నా, ఆ నారీన్ పాఠకుణ్ణి నేనే."

సాకిష్ చేతిలో చెంచా ఆగింది. ముసలాయన కొడుకు వైపు చూడలేదు, కోడలి వైపు చూశాడు. ఆమె తల వంచుకుంది. ఆయనకు ఆ వంచిన తలే సాక్ష్యం.

"ఎందుకు?" అన్నాడు కొడుకుతో.

"ఓర్వలేక."

"ఎవరిని? నీ పెళ్లాన్నా?"

"అవును నాన్నా. ఆ జాబితాలో నా పేరు రాలేదు. తనది వచ్చింది. ఊరంతా నన్ను తన మొగుడంటున్నారు."

"అబద్ధమా అది?" అంది సాకిష్. "ఇంకెవరి మొగుడనాలి?"

ఇంకో రోజైతే నవ్వేవాళ్లే. ముసలాయన గడ్డం రుద్దుకున్నాడు. "చిన్నప్పుడు మా అన్నకు గుర్రం కొన్నారని ఆ గుర్రం కాలికి మేకు దిగేలా చేశాను నేను. గుర్రం కుంటింది, అన్న ఏడ్చాడు, నాకు గుర్రం రాలేదు. ఈ సంగతి మీ అమ్మకు కూడా ఇవాళే తెలుస్తోంది." ఆయన కంప్యూటర్ వైపు చెయ్యి చూపించాడు. "పోయి రాయి. ఎక్కడ అన్నావో అక్కడే రాయి. నీ పేరుతో."

ఎర్మెక్ కూర్చున్నాడు. నలుగురూ ఆ గదిలోనే ఉన్నారు. అతను ఇంగ్లీషులో ఒక్కొక్క వాక్యం రాసి, తండ్రికి కిర్గిజ్‌లో చదివి వినిపించాడు.

"నారీన్ పాఠకుడు అన్న పేరుతో రాసింది నేను. నా పేరు ఎర్మెక్. జిపార్ నా భార్య. మా వైపు కోడలు మామగారి పేరు పలకదు, రాయదు. తాబిల్దీ మా నాన్న పేరు. అందుకే ఆమె వేరే మాట వాడింది, ఆమె గ్రంథాలయంలో అందరూ ఆ మాటే అంటారు. ఈ కారణం కూడా ఆమె మీకు చెప్పలేదు, చెబితే ఆ పేరు రాయాలి కనుక. నాకు ఇదంతా మొదటే తెలుసు. తెలిసి రాశాను. నా దిద్దుబాటు మీరు తీసుకోలేదు, ఆమెది తీసుకున్నారు. అందుకు..."

ఇక్కడ ఆగాడు. ఓర్వలేనితనానికి ఇంగ్లీషు మాట తెలియక కాదు. చేతులు కదల్లేదు.

"రాయి" అన్నాడు తండ్రి.

రాశాడు. మీట నొక్కాడు. నలభై దేశాలవాళ్లు చదివే చోట అతని పేరు మొట్టమొదటిసారి అలా పడింది.

జవాబు ఆదివారం ఉదయం వచ్చింది. మరిత్ అతన్ని ఒక్క మాట అనలేదు. "చెప్పినందుకు ధన్యవాదాలు, ఎర్మెక్. జిపార్, మీ గ్రంథాలయంలో ఎదురైంది అనే అంటారంటే అది తప్పు మాట కాదు. కానీ మిగతా ఊళ్లవాళ్లు దొరికింది అంటారు. ఏది ఉంచాలో నిర్ణయం నీది. నేను రేపటి దాకా ఆగుతాను."

జిపార్ ఆ ఉత్తరం ముందు చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి మామగారి దగ్గరికి వెళ్లి నిలబడింది.

"మామయ్యా, ఓష్ పిల్లలు నవ్వుకోకూడదు. మార్చాలి."

"మార్చు బిడ్డా. ఆ మాట నీకు నేనే ఇచ్చేశాను. రాయి, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు రాయి. మా అమ్మకు నా ముందు ఇద్దరు పోయారు. నన్ను చూసి దొరికాడురా అనుకుని పెట్టిన పేరు. దాచుకోవడానికి పెట్టింది కాదు."

ఆమె కూర్చుని మొదటి అక్షరం కొట్టింది. ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. "మీ ముందు చెయ్యి పోవడం లేదు మామయ్యా."

ముసలాయన లేచాడు. కోటు తొడుక్కుని, ఎత్తు టోపీ పెట్టుకుని, "సాకిష్, రా, గొర్రెలు చూద్దాం" అన్నాడు. "పొద్దున్నే చూశాంగా" అంటూనే ఆవిడ శాలువా కప్పుకుంది. ఇద్దరూ మంచులోకి వెళ్లి తలుపు మూసుకున్నారు.

ఎర్మెక్ కుర్చీ లాక్కున్నాడు. "ఇటివ్వు, నేను కొడతాను. నాకేం అడ్డు లేదు."

"వద్దు. నా పని." కుర్చీ ముందుకు జరుపుకుని, "మీకు అడ్డులేని సంగతి చూశాంగా" అంది.

అతను చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఆమె మొదటిది రాసింది. రెండోది రాసింది. పదో దానికి వేళ్లు తేలికపడ్డాయి, ఇరవయ్యో దానికి కళ్లు తుడుచుకుంది, ముప్పయ్యో దానికి చిన్నగా నవ్వింది. కిటికీ అవతల ముసలివాళ్లిద్దరూ గొర్రెల మధ్య కాళ్లు తాటించుకుంటూ నిలబడ్డారు. మధ్యలో ఒకసారి ముసలాయన కేకేశాడు. "అయిందా బిడ్డా? మీ అత్తయ్య గడ్డకడుతోంది."

"ఇంకా ఎనిమిది మామయ్యా."

నలభై ఒకటీ అయ్యాయి. పంపే ముందు ప్రోగ్రాం ఒక ఖాళీ గడి చూపించింది: సరిచూసినవారు. ఏ మాటనైనా రాసినవాళ్లు కాక ఇంకొకరు కూడా చూడాలన్నది అక్కడి నియమం. జిపార్ కుర్చీని కొద్దిగా పక్కకు జరిపింది.

"చూడండి."

"నేనా?"

"తప్పులు పట్టడంలో ఈ ఊళ్లో మీకు మించినవాళ్లు లేరుగా."

అతను చూశాడు. ఈసారి వేరేలా చూశాడు. ఇరవై ఒకటో దానిలో ఒక అక్షరం ఎగిరిపోయింది. కళ్లు తుడుచుకున్న చోటు దగ్గరే అది. "ఇక్కడ చిన్నది" అని మెల్లగా చెప్పాడు. ఆమె దిద్దింది. కుళ్లు అంతా పోయిందా అంటే పోలేదు, ఎక్కడో అడుగున ఇంకా ఉంది, అతనికి తెలుసు. కానీ ఆ అక్షరం దొరికినందుకు అతను సంతోషించలేదు, అది సరైనందుకు సంతోషించాడు. రెండింటికీ తేడా అతనికి ఆ ఉదయమే తెలిసింది.

జిపార్ ఆ ఖాళీ గడిలో వేలు పెట్టింది. పన్నెండేళ్లలో ఆమె అతన్ని "సైకాల్ నాన్న" అనో "మా ఇంటాయన" అనో తప్ప ఇంకోలా అన్నది లేదు. పెళ్లి కాగితం మీద కూడా అతని పేరు గుమాస్తానే రాశాడు.

ఒక్కొక్క అక్షరమే రాసింది. ఎర్మెక్. ఆగి, ఊపిరి తీసుకుని, మిగతాది రాసింది. తాబిల్దీ ఉలు. తాబిల్దీ కొడుకు.

అది నలభై రెండోసారి. అతను ఆ పేరు చదవబోయాడు, అక్షరాలు అలికినట్టయి కనబడలేదు.

"తప్పు పడిందా?" అంది జిపార్.

"లేదు" అన్నాడు ఎర్మెక్. "ఒక్క అక్షరం కూడా తప్పు లేదు."

ఆమె మీట నొక్కి, లేచి, తలుపు తీసి, ముసలివాళ్లను లోపలికి పిలిచింది.